పాలిపోయిన ఫోల్డర్లు

9 అక్టోబరు 2005, ఆదివారం, అవనిగడ్డ

కంప్యూటర్ గది తాళం ఇవాళ నా చేతికొచ్చింది. కాంతారావు గారు స్వయంగా ఇచ్చారు. ఆరేళ్ళుగా ఆయన కోచింగ్ సెంటర్లో డీఎస్సీ అభ్యర్థులకు తెలుగు చెబుతున్నాను, ఇంతవరకు సుద్దముక్కల డబ్బా తాళం కూడా ఇవ్వలేదు. "మాస్టారూ, ఉమాదేవి దసరాకి ఇంటికెళ్తోంది. వచ్చేదాకా ఆ గది మీరు చూసుకోండి" అన్నారు. సరే అన్నాను. లోపల మాత్రం చాలా సంతోషించాను.

ఉమాదేవి మా ప్రశ్నలన్నీ టైపు చేసే అమ్మాయి. ఎదురుమొండి లంక నుంచి వచ్చింది, సముద్రం మీద వేటకెళ్ళే వాళ్ళ పిల్ల. తనూ డీఎస్సీ రాయాలి. ఫీజుకి బదులు పగలంతా టైపు చేస్తుంది, సాయంత్రం బ్యాచ్‌లో పాఠం వింటుంది. పని ఉంటేనే పాఠం, అదీ ఒప్పందం. ఏడు నెలల్లో ఏడువేల నాలుగువందల ప్రశ్నలు ఎక్కించింది. ప్రూఫు దిద్దేది నేను. మొన్న నాలుగువందల ప్రశ్నలు చూస్తే ఒకే ఒక్క తప్పు దొరికింది. మహా సంబరంగా ఎర్రసిరాతో సున్నా చుట్టాను. తీరా చూస్తే ఆ తప్పు నేను రాసిచ్చిన కాగితంలోనే ఉంది.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "మాస్టారూ, సి డ్రైవ్ జోలికి వెళ్ళకండేం" అంది. ఇరవయ్యారేళ్ళ సర్వీసు ఉన్నవాడికి జాగ్రత్తలు చెబుతోంది!

11 అక్టోబరు, మంగళవారం

ఆయుధ పూజ. మొవ్వలో మా నాన్నగారు నాగలి కర్రు మీద చిన్న మట్టి మరక కనిపించినా పూజకి ఒప్పుకునేవారు కాదు. ముందు శుభ్రం, తర్వాతే బొట్టు. నాకూ అదే పట్టింపు వచ్చింది. కంప్యూటర్ ముసుగు తీసి దులిపాను. మీటల సందుల్లో అగ్గిపుల్లకి దూది చుట్టి తుడిచాను. కీబోర్డు తిరగేసి తడితే చారెడు కారప్పూస రాలింది.

పైన తుడిచి లోపల వదిలేస్తే అది శుభ్రం కాదు. అందుకని సి డ్రైవ్ తెరిచాను. ఇక్కడి ఫైళ్ళు దాచి ఉన్నాయి, వీటిని మీరు మార్చాల్సిన పని లేదు అని ఇంగ్లీషులో ఒక బోర్డు కనిపించింది. నాకు పని ఉందో లేదో చెప్పడానికి అదెవరు? కిందే 'చూపించు' అని ఉంటే నొక్కాను. ఉమాదేవి టూల్స్‌లోకి వెళ్ళి ఏవో టిక్కులు పెట్టడం, తీయడం ఒకసారి వెనక నిలబడి చూశాను. అలాగే చేశాను. నిజంగానే చేయమంటారా అని కంప్యూటర్ అడిగింది. నిజంగానే అన్నాను.

అప్పుడు బయటపడ్డాయి. మామూలు ఫోల్డర్లు పసుప్పచ్చగా నిగనిగలాడుతుంటే ఇవి మాత్రం పాలిపోయి, ఉతికి ఉతికి రంగు దిగిన చొక్కాల్లా ఉన్నాయి. పాతబడి పనికిరాకుండా పోయినవని చూడగానే తెలిసిపోయింది. వాటి మధ్య ఒక ఫైలు పేరు ఎన్‌టీఎల్‌డీఆర్. ఐదూ ఇంగ్లీషు హల్లులే, ఒక్క అచ్చు లేదు. నోటితో పలకడానికే వీల్లేని పదం ఏ పనికొస్తుంది? ఇంకోటి బూట్. పండగపూట పూజ దగ్గర బూటేమిటి? మరోటి రీసైక్లర్. చెత్తబుట్ట బయట ఒకటి ఉండగా లోపల ఇంకోటి ఎందుకు?

షిఫ్ట్ పట్టుకుని డిలీట్ కొడితే చెత్తబుట్టలోకి కూడా వెళ్ళకుండా మొదలంటా పోతాయి. అలా ఏడెనిమిది తీసేశాను. సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ అనే ఫోల్డరు మాత్రం తెరుచుకోనూ లేదు, పోనూ లేదు. అనుమతి లేదట. నాకు! పోనీలే అని వదిలేశాను.

తర్వాత గంధం, కుంకుమ పెట్టి, నిమ్మకాయ కోసి, హారతిచ్చి ఆపేశాను. ఉమాదేవి వచ్చి చూసి ఆశ్చర్యపోవాలి.

12 అక్టోబరు, బుధవారం

పండగ. గారెలు ఎక్కువయ్యాయి.

13 అక్టోబరు, గురువారం

కంప్యూటర్ పని చేయడం లేదు.

ఉమాదేవి మొదటి బస్సుకి వచ్చి, మా ఇంట్లో తాళం తీసుకెళ్ళి స్విచ్ వేసిందట. నల్లటి తెర మీద ఒకే ఒక్క తెల్ల వాక్యం. ఎన్‌టీఎల్‌డీఆర్ లేదు అని.

నేను గుమ్మంలో నిలబడి చదివాను. ఆ పదం నాకు తెలుసు. మొన్ననే కదా చూశాను.

కాంతారావు గారు వచ్చి కప్పు ఎగిరిపోయేలా అరిచారు. ఇరవైమూడో తారీఖున గ్రాండ్ టెస్టు. గుడివాడ, బందరు నుంచి కూడా అభ్యర్థులు వచ్చి రాస్తారు. ఆ పేపరు తీయాల్సిన ప్రశ్నలన్నీ అందులోనే ఉన్నాయి, ఇంకెక్కడా లేవు. "ఏం చేశావ్? ఎక్కడ నొక్కావ్?" అని ఆయన అడుగుతుంటే, "స్విచ్ వేశానండి, అంతేనండి" అని ఆ అమ్మాయి అదే మాట మూడుసార్లు చెప్పింది.

అప్పుడు నేను క్లాసులో ఉన్నాను కాబట్టి కలగజేసుకోలేకపోయాను. నిజానికి క్లాసు అయిపోయింది. కానీ అభ్యర్థులు ఏవో సందేహాలు అడుగుతున్నారు.

14 అక్టోబరు, శుక్రవారం

కారణాలు చాలా ఉండొచ్చు. దసరా రెండు రోజులూ కరెంటు వచ్చిపోతూనే ఉంది. నిమ్మరసం కారి ఉండొచ్చు. కీబోర్డు తిరగేసి కొట్టాను, ఏ వైరో ఊడి ఉండొచ్చు.

అచ్చుల్లేని ఒక చిన్న మాట తీసేసినంత మాత్రాన అంత పెద్ద యంత్రం ఆగిపోతుందా?

ఉమాదేవి తనని ఒక్కసారి చూడనివ్వమంది. "లోపల ప్రశ్నలన్నీ ఉంటాయండి. పోయింది అవి కాదండి. మొదలుపెట్టేవి ఏవో పోయినియ్యి, అంతేనండి" అంది. కాంతారావు గారు వినలేదు. ఇంకోసారి ముట్టుకుంటే ఊరుకోనన్నారు. సాయంత్రం బ్యాచ్ ముందు నిలబడి, మన ఆపరేటర్ నిర్వాకం వల్ల ప్రశ్నల బ్యాంకు పోయిందని చెప్పారు. రేపటి నుంచి రావద్దని కూడా అక్కడే అన్నారు. పనికీ రావద్దు, పాఠానికీ రావద్దు.

ఆ అమ్మాయి ఏడవలేదు. పుస్తకాలు సంచిలో సర్దుకుంది. వెళ్తూ ఒక్కసారి నా వైపు చూసింది. మామూలుగానే చూసింది.

15 అక్టోబరు, శనివారం

ఇంటి దగ్గర కూర్చుని కూడా డీఎస్సీకి చదువుకోవచ్చు. అలా చదివి గెలిచినవాళ్ళు చాలామంది ఉన్నారు.

చాలామంది అని రాశాను గాని, ఆలోచిస్తే ఒక్క పేరూ గుర్తు రావడం లేదు.

16 అక్టోబరు, ఆదివారం

గుడివాడ నుంచి మెకానిక్ వచ్చాడు. రెండు నిమిషాలు చూసి, "ఫార్మాట్ కొట్టెయ్యాలండి" అన్నాడు. అంటే ఏమిటన్నాను. పలక తుడిచినట్టు తుడిచేసి మళ్ళీ మొదటి నుంచి ఎక్కించడమట. మరి ప్రశ్నలు? "పోతాయండి. కాపీ తీసుకోలేదా మీరు?" సీడీలు తెచ్చుకుని మంగళవారం వస్తానన్నాడు. కాంతారావు గారు తల పట్టుకుని, కానివ్వమన్నారు.

లోపల ప్రశ్నలన్నీ ఉంటాయండి అని ఆ అమ్మాయి చెప్పింది కదా. ఆ మాట గొంతులోకి వచ్చింది. అది పైకి అంటే, మీకెలా తెలుసని అడుగుతారు.

ఇంట్లో అన్నం ముందు కూర్చుంటే లక్ష్మీకాంతమ్మ, "మీ మొహం చూస్తే ఎవరి వస్తువో జేబులో వేసుకొచ్చినట్టుంది" అంది. ముప్ఫై ఏళ్ళ కాపురం. ఆవిడ దగ్గర ఏదీ దాగదు.

రాయాల్సిన మాట నాలుగు రోజులుగా రాయకుండా తిప్పుతున్నాను. ఇది నా డైరీ, నేను తప్ప ఎవరూ చదవరు, అయినా రాయలేదు. నేనే తీసేశాను. కరెంటు కాదు, నిమ్మకాయ కాదు. నేనే.

17 అక్టోబరు, సోమవారం

పొద్దున్నే బస్సెక్కి నాగాయలంక, అక్కడి నుంచి ఏటిమొగ వెళ్ళాను. పంటు మీద ఏరు దాటుతుంటే దారి పొడుగునా మాటలు పేర్చుకున్నాను. 'జరిగిందేదో జరిగింది అమ్మాయీ' అని మొదలుపెడదామనుకున్నాను. దిగేసరికి ఆ మాటంటే నాకే అసహ్యం పుట్టింది.

ఇంటి ముందు ఆమె తండ్రి చిన్నబాబు వల బాగుచేసుకుంటున్నాడు. లేచి కుర్చీ వేశాడు. మంచినీళ్ళిచ్చాడు. "మా అమ్మాయిని తీసేసింది మీరేనాండి?" అని అడిగాడు. కాదన్నాను. నిజమే, తీసేసింది కాంతారావు గారు. కానీ ఆ మనిషి నీళ్ళిచ్చి మరీ అడిగిన ప్రశ్నకి అది జవాబు కాదని నాకు తెలుసు.

ఉమాదేవి బయటికి వచ్చింది. ఫార్మాట్ సంగతి చెప్పాను. ఆమె రంగు మారిపోయింది. "అన్నీ పోతాయండి! ఏడువేలు! ఆగమనండి మాస్టారూ" అంది. తన ఉద్యోగం గురించి కాదు, ప్రశ్నల గురించి. తర్వాత అరుగు మీద కూర్చుని, "ఏమేం తీసేశారో పేర్లు వరసగా చెప్పండి" అంది.

మీరు తీసేశారా అని అడగలేదు. ఏమేం తీసేశారని అడిగింది.

"నేనని నీకు ఎప్పుడు తెలిసింది?"

"గురువారం పొద్దున్నేనండి. మానిటర్ మీద బొట్టుంది. నేను నాలుగు రోజులు లేను. తాళం మీ దగ్గరుంది."

"మరి కాంతారావు గారికి చెప్పలేదేం?"

"నేను చెబితే నమ్మేవారాండి?"

ఆమె నా సమాధానం కోసం ఆగలేదు. లోపలికి వెళ్ళి ఒక లాంగ్ నోట్‌బుక్ తెచ్చింది.

ఆ నోట్‌బుక్ గురించి వివరంగా రాసుకోవాలి. ఏడు నెలలుగా మధ్యాహ్నం అన్నాల వేళ ఆ అమ్మాయి చేసిన పని అది. సి డ్రైవ్‌లో ఉన్న ప్రతి ఫోల్డరు పేరూ, ఫైలు పేరూ ఎడమవైపు రాసింది. అది ఏం చేస్తుందో కుడివైపు తెలుగులో రాసింది. కంప్యూటర్‌లోని హెల్ప్ చదివి కొన్ని, నెట్ సెంటర్లో వెతికి కొన్ని. అర్థం కాని ఇంగ్లీషు మాటకి డిక్షనరీ చూసి అర్థం పక్కనే రాసుకుంది. చాలా పేర్లకి ఎదురుగా, 'ఇంకా తెలియదు. ముట్టుకోకూడదు' అని ఉంది. లెక్కపెడితే ఒక్క పేజీలోనే తొమ్మిది చోట్ల.

ఇరవయ్యారేళ్ళలో నేను ఎక్కడైనా 'ఇంకా తెలియదు' అని రాశానా? తెలియని చోటల్లా గొంతు పెంచి గట్టెక్కాను. ఇరవైమూడేళ్ళ పిల్ల, ఎవరూ అడగకుండా, ఎవరికీ చూపించకుండా, తనకి తెలియదని ఇంత పొందిగ్గా రాసిపెట్టుకుంది. ఆ చేతిరాత చూస్తుంటే నా కళ్ళు చెమర్చాయి. దాచుకోలేదు.

గుర్తున్న పేర్లన్నీ చెప్పాను. ఆమె ఒక్కొక్కటే టిక్కు పెట్టుకుంటూ నాకు పాఠం చెప్పింది. రీసైక్లర్ పోయినా పర్వాలేదట, కావాల్సినప్పుడు విండోసే మళ్ళీ పెట్టుకుంటుందట. బయట కనిపించే చెత్తబుట్ట తలుపు మాత్రమేనట, పారేసినవన్నీ నిజంగా ఉండేది ఈ దాచిన ఫోల్డర్లోనట. సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్‌లో కంప్యూటర్ తన పాత స్థితి దాచుకుంటుందట. "అది మీకు లొంగకపోవడం మంచిదైందండి" అంది. మొదటిసారి కొంచెం నవ్వింది.

"మరి అంత ముఖ్యమైనవి ఎందుకలా వెలిసిపోయి ఉన్నాయమ్మా?" అన్నాను.

"పాతబడి కాదండి. ముట్టుకోవద్దని చెప్పడానికండి." తండ్రి ఒళ్ళో ఉన్న వల చూపించింది. "ఇది నీళ్ళలో వేస్తే పైన బెండ్లే కనిపిస్తాయండి. కింద సీసం గుండ్లు కనిపించవు. కనిపించట్లేదని అవి కోసేస్తే వల నిలబడదు కదండి."

చిన్నబాబు తల ఎత్తకుండానే, "ఎవరు కోస్తారే అట్టా, బుర్రలేనోళ్ళు కాకపోతే" అన్నాడు. ఉమాదేవి కంగారుగా నా వైపు చూసింది. నేను తల ఊపాను. ఆయన అన్నది న్యాయమే.

18 అక్టోబరు, మంగళవారం

మెకానిక్‌కి ఫోన్ చేసి ఒక రోజు ఆగమన్నాను. కాంతారావు గారితో, ఉమాదేవిని ఒక్క గంట కూర్చోనివ్వకపోతే గ్రాండ్ టెస్టుకి తెలుగు పేపరు నేను ఇవ్వనని చెప్పాను. ఆయన బిత్తరపోయారు. నేనూ పోయాను. ఆయనకి ఎప్పుడూ ఎదురు చెప్పలేదు.

ముందు ఉమాదేవి, నేను నాగాయలంక నెట్ సెంటర్‌కి వెళ్ళాం. అక్కడి మెషీన్ కూడా మా దానిలాంటిదే. ఒక ఖాళీ ఫ్లాపీ పెట్టి, దాచిన వాటిని చూపించమని టిక్కు పెట్టింది. పాలిపోయినవన్నీ మళ్ళీ తెర మీదికి వచ్చాయి. ఈసారి వాటిని చూస్తే నాకు భయం, గౌరవం రెండూ కలిగాయి. మూడంటే మూడు ఫైళ్ళు ఫ్లాపీలోకి తీసుకుంది. ఫ్లాపీలో పావు వంతు కూడా నిండలేదు. తర్వాత ఆ టిక్కులు మళ్ళీ యథాప్రకారం మార్చేసి లేచింది. పరాయి వాళ్ళ మెషీన్‌లో దాచినవి దాచినట్టే ఉంచి రావాలట. ఆ మర్యాద నాకు ఎవరూ నేర్పలేదు.

సెంటర్‌కి వచ్చాం. కాంతారావు గారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఉమాదేవి ఫ్లాపీ పెట్టి స్విచ్ వేసింది. గర్రుగర్రుమంటూ ఫ్లాపీ తిరిగింది. తెర నల్లగానే ఉంది. అర నిమిషం. తర్వాత విండోస్ బొమ్మ వచ్చింది. ఆ వెనకే పచ్చటి గడ్డి, నీలం ఆకాశం.

ఏడువేల నాలుగువందల ప్రశ్నలూ ఉన్నాయి. ఒక్కటి పోలేదు. ఆ మూడు ఫైళ్ళని ఫ్లాపీ నుంచి సి డ్రైవ్‌లోకి ఎక్కించింది. ఫ్లాపీ తీసేసి మళ్ళీ ఆపి వేసింది. వచ్చింది. ఇంకోసారి ఆపి వేసింది. వచ్చింది. అంత తెలిసినా తన మీద తనకి అనుమానం వదలని మనిషి. నేను చప్పట్లు కొట్టాను, ఒక్కణ్ణే.

కాంతారావు గారు నా చెవి దగ్గరికి వంగి, కానీ ఆమెకి వినిపించేంత గట్టిగానే అన్నారు. "చూశారా మాస్టారూ. తను పాడుచేసింది కాబట్టే తనకి బాగుచెయ్యడం తెలిసింది. లేకపోతే గుడివాడ మెకానిక్‌కి తెలియంది ఈ పిల్లకెట్టా తెలుస్తుంది?"

ఉమాదేవి వీపు మాత్రమే నాకు కనిపిస్తోంది. ఆ వీపు కదల్లేదు.

"కాంతారావు గారూ, పాడుచేసింది నేను" అన్నాను. "ఆయుధ పూజ రోజు శుభ్రం చేస్తానని నేనే తీసేశాను. ఐదు రోజులు నోరు మూసుకుని కూర్చున్నాను."

ఆయన నన్ను చూశారు. తర్వాత పకపకా నవ్వారు. "మీరా మాస్టారూ! ఆ ముక్క అప్పుడే చెబితే అయిపోయేదిగా! మీరైతే ఏముంది లెండి, తెలియక చేశారు. పెద్దవాళ్ళు." నా భుజం తట్టి, "రేపట్నుంచి పనిలోకి రమ్మనండి" అన్నారు. ఆమె రెండడుగుల దూరంలో ఉంది. నన్ను చెప్పమన్నారు.

ఆ అమ్మాయి అదే తప్పు చేసిందనుకున్నప్పుడు ఉద్యోగం పోయింది, చదువు పోయింది, మూడువందల మంది ముందు పరువు పోయింది. నేను చేశానంటే నవ్వడం, భుజం తట్టడం. ఐదు రోజులు నేను భయపడింది దేనికి? నాకేమీ కాదని నాకు తెలియకపోయినా, చెబితే తన మాట నిలవదని ఆమెకి మాత్రం మొదటి రోజే తెలుసు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆమె కంప్యూటర్ మీద ముసుగు కప్పి, నాలుగు మూలలూ సరిచేసి, "వస్తానండి" అని వెళ్ళిపోయింది.

19 అక్టోబరు, బుధవారం

సాయంత్రం బ్యాచ్. రేకుల షెడ్డు నిండా మనుషులు. ఉమాదేవి వచ్చింది. ఎప్పటిలాగే తలుపు దగ్గర, కాంతారావు గారు పిలిస్తే లేచి వెళ్ళడానికి వీలుగా ఉండే స్టూలు మీద కూర్చుంది. ఆమె లోపలికి వస్తుంటే కొందరు వెనక్కి తిరిగి గుసగుసలాడుకోవడం చూశాను.

సుద్దముక్క కింద పెట్టాను. "శుక్రవారం ఇక్కడ మీకొక మాట చెప్పారు. అది తప్పు" అన్నాను. కాంతారావు గారు గుమ్మంలోనే ఉన్నారు, ఉండనీ. కంప్యూటర్ పాడుచేసింది నేనని, ఆ నింద ఉమాదేవి మీద పడుతుంటే చూస్తూ ఊరుకున్నది నేనని, మూడు ఫైళ్ళతో దాన్ని బతికించింది ఆమె అని చెప్పాను. ఆ నోట్‌బుక్ గురించి చెప్పాను. నేను పాతికేళ్ళు మాస్టారుగిరీ చేసి నేర్చుకోనిది అందులో ఉందని చెప్పాను. చివర్లో ఆమె వైపు తిరిగాను. "నన్ను క్షమించమ్మా" అన్నాను.

ఎవరో ఒకడు కిసుక్కుమని, మళ్ళీ ఆపుకున్నాడు. ఆడపిల్లల వరసలో ముందు బల్ల మీద ఇద్దరు చెరో పక్కకి జరిగి మధ్యలో చోటు చేశారు. ఉమాదేవి స్టూలు మీద నుంచి లేచింది. అందరూ చూస్తుండగా నడిచి వచ్చి అక్కడ కూర్చుంది. పుస్తకం తెరిచింది, పెన్ను మూత తీసింది, తల ఎత్తి నన్ను చూసింది.

"టైమైపోతోందండి మాస్టారూ. ఛందస్సు మొదలెట్టండి. నాలుగు రోజుల పాఠం పోయింది నాకు" అంది.

మొదలుపెట్టాను.